పొరపొరలో పాల సొంపు – ఇంగ్లీషువారి ట్రైఫిల్

పాలు కేంద్రంలో పోసి, చీటీ మీద వెన్న శాతం చూసుకుని ఇంటికి వెళ్ళడంతో పాడి రైతుకు పాలతో సంబంధం తీరిపోదు. ఆ పాలు ఏమవుతున్నాయి, ఏ దేశం వారు వాటిని ఏ విధంగా వాడుకుంటున్నారు, ఏ వంటకు ఎలాంటి పాలు కావాలి అన్న విషయాలు కూడా సభ్యులు తెలుసుకోవడం మంచిది. ఈ పర్యాయం బ్రిటనులో పండుగలకు, విందులకు తప్పక కనిపించే ఒక తీపి వంటకాన్ని గురించి వివరిస్తున్నాము. దాని పేరు ట్రైఫిల్. దీనిలో అడుగున స్పాంజి కేకు, దాని మీద పండ్లు, ఆపైన జెల్లీ, ఆపైన కస్టర్డు, అన్నిటికన్నా పైన గిలకొట్టిన మీగడ ఉంటాయి. పై రెండు పొరలూ పాలవే. పాలు మంచివైతే వంటకం నిలుస్తుంది, లేకపోతే చెడుతుంది. అందుకే దీనిని ఎంచుకున్నాము.

పేరు, పుట్టుక

ఇంగ్లీషులో ట్రైఫిల్ అంటే స్వల్ప విషయం, లెక్కలోకి రానిది అని అర్థం. పేరు అలా ఉన్నా వంటకం మాత్రం 400 ఏళ్ళకు పైగా నిలిచింది. 16వ శతాబ్దం చివరలో థామస్ డాసన్ అనే ఆయన అచ్చువేసిన వంట పుస్తకంలో ఈ పేరు కనిపిస్తుంది. అయితే అప్పటి ట్రైఫిల్‌లో పొరలు లేవు. చిక్కని మీగడలో పంచదార, అల్లం, పన్నీరు వేసి వెచ్చచేసినదే ఆనాటి ట్రైఫిల్. అంటే అది మొదట కేవలం మీగడ వంటకమే. 18వ శతాబ్దం మధ్యకు వచ్చేసరికి హానా గ్లాస్ వంటి రచయిత్రుల పుస్తకాలలో అడుగున ద్రాక్షసారాలో నానిన బిస్కట్లు, నడుమ కస్టర్డు, పైన నురుగు మీగడ అన్న నేటి రూపం ఏర్పడింది.

దీనిని గాజు గిన్నెలో పెట్టడం అక్కడి ఆచారం. పక్కనుండి చూస్తే పొరలన్నీ రంగురంగులుగా కనబడాలి. క్రిస్మస్ నాడు, ఆదివారం సాయంకాలపు ఫలహారంలో, పెళ్ళిళ్ళలో, వీధి విందులలో పెద్ద గిన్నెతో బల్ల మధ్య పెట్టి పొడవాటి చెంచాతో అడుగుదాకా తీసి వడ్డిస్తారు. ఒక్కో చెంచాలో అన్ని పొరలూ రావాలి. స్కాట్లండులో దీనినే విస్కీ, రాస్బెరీ పండ్లతో చేసి, కవి రాబర్ట్ బర్న్స్ పుట్టినరోజైన జనవరి 25న జరిగే విందులో పెడతారు. ఇటలీలో ఇటువంటిదే ఒక వంటకాన్ని "ఇంగ్లీషు సూపు" అన్న అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. జెల్లీ వేయాలా వద్దా అన్న విషయంలో మాత్రం ఇంగ్లీషు ఇళ్ళలో ఈనాటికీ వాదం తెగలేదు. మన దగ్గర పులిహోరలో చింతపండా, నిమ్మకాయా అని వాదించుకున్నట్లే ఇదీను.

2022లో రెండవ ఎలిజబెత్ రాణి సింహాసనమెక్కి 70 ఏళ్ళు నిండిన సందర్భంలో, లండనులోని ఫోర్ట్‌నమ్ అండ్ మేసన్ దుకాణం వారు దేశవ్యాప్తంగా తీపి వంటకాల పోటీ పెట్టారు. గెలిచినది జెమ్మా మెల్విన్ చేసిన నిమ్మ స్విస్ రోలు ట్రైఫిల్. ఆ ఏడాది జూన్‌లో జరిగిన వీధి విందులలో ఎందరో దానిని చేసుకున్నారు. రాణి పేరు మీద జరిగిన వేడుకకు కూడా చివరకు ఇంటి ఆడవారు పెద్ద గిన్నెలో చేసే ఈ పాత వంటకమే నిలిచింది.

కస్టర్డు పొడి ఎలా వచ్చింది

అసలు కస్టర్డు పాలు, గుడ్డు సొనలు, పంచదారలతో చేసేది. వేడి కొంచెం మించితే గుడ్డు విరిగి ముక్కలవుతుంది. బర్మింగ్‌హామ్ నగరంలో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే మందుల వ్యాపారి ఉండేవాడు. ఆయన భార్యకు గుడ్లు పడేవి కావు. కానీ ఆమెకు కస్టర్డు ఇష్టం. అందుకని ఆయన 1837లో గుడ్డు లేకుండా మొక్కజొన్న పిండితో పాలు చిక్కబడే పొడిని తయారు చేశాడు. ఇంట్లో ఒక్కరి కోసం చేసినది క్రమంగా దేశమంతటికీ చేరింది. మన దేశంలో కిరాణా కొట్టులో దొరికే కస్టర్డు పొడి కూడా ఈ జాతిదే. మొక్కజొన్న పిండి, రంగు, వెనిల్లా వాసన తప్ప దానిలో గుడ్డు ఉండదు. ఆ విధంగా గుడ్డు తినని ఇళ్ళకు కూడా ఈ వంటకం అందుబాటులోకి వచ్చింది. మన పెళ్ళి భోజనాలలో వడ్డించే పండ్ల ముక్కల కస్టర్డు ఈ దారినే వచ్చినది.

మీగడ లేని రోజులు

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటనులో పాలకు, గుడ్లకు కరువు ఏర్పడింది. 1940లో మీగడ తయారీని, అమ్మకాన్ని ప్రభుత్వం నిషేధించింది. ఉన్న పాలు తాగడానికి, ముఖ్యంగా పసిపిల్లలకు, గర్భిణులకు అందాలన్నది ఉద్దేశం. గుడ్లు పెద్దవారికి వారానికి ఒకటి చొప్పున రేషను. ఆ రోజులలో గృహిణులు మొక్కజొన్న పిండి గంజిలో పాలు, మార్గరిన్, పంచదార కలిపి గిలకొట్టి దొంగ మీగడ చేసుకుని, ఎండిన కేకు ముక్కల మీద వేసి పిల్లలకు పండుగ చేసేవారు. యుద్ధం 1945లో ముగిసినా ఆహార రేషను పూర్తిగా తొలగిపోవడానికి 1954 జూలై దాకా పట్టింది. మీగడ మళ్ళీ బల్ల మీదికి వచ్చిన దినం అక్కడి వారికి ఎంత పెద్ద పండుగో ఊహించుకోవచ్చు.

పాల రైతు సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. 1930 ప్రాంతంలో ధరలు పడిపోయి అక్కడి చిన్న రైతులు వర్తకులు చెప్పిన ధరకే పాలు పోయవలసి వచ్చేది. 1933లో పాల విక్రయ మండలి ఏర్పడి ఇంగ్లండు, వేల్సులలోని రైతుల పాలన్నీ తానే కొని, అందరికీ కలిపి ధర కట్టింది. 1994లో ఆ మండలిని రద్దు చేశారు. అటుపిమ్మట ధరల విషయంలో అక్కడి రైతులు ఎవరి బేరం వారు చూసుకోవలసి వచ్చింది. కలిసి అమ్ముకోవడంలోని బలం ఏమిటో మన సభ్యులకు వేరే చెప్పనక్కరలేదు.

మీగడ నురుగు కట్టడంలోని మర్మం

ట్రైఫిల్ పైపొర కోసం మీగడను గిలకొడతారు. అది రెట్టింపు పొంగి, చెంచాతో తీస్తే కుప్పగా నిలబడుతుంది. ఇది ఎలా జరుగుతుందో వెన్న తీసే ప్రతి ఇల్లాలికీ సగం తెలుసు. కవ్వంతో చిలికేటప్పుడు మీగడలోకి గాలి బుడగలు చేరతాయి. వెన్న కణాలు ఒకదానికొకటి సగం అంటుకుని ఆ బుడగల చుట్టూ గోడ కడతాయి. ఆ దశలో ఆపితే నురుగు మీగడ. ఇంకా చిలికితే కణాలు పూర్తిగా కలిసిపోయి, గాలి బయటకు పోయి, వెన్న ఒకవైపు, మజ్జిగ ఒకవైపు తేలతాయి. అంటే నురుగు మీగడ అన్నది వెన్నకు పోయే దారిలో సగంలో ఆగడమే.

దీనికి మూడు నియమాలున్నాయి.

మొదటిది వెన్న శాతం. కనీసం 30, మంచి ఫలితానికి 35 శాతం వెన్న ఉండాలి. బ్రిటనులో క్రీమును వెన్న శాతాన్ని బట్టే పేరు పెట్టి అమ్ముతారు. పలుచని క్రీములో 18, గిలకొట్టే క్రీములో 35, చిక్కని క్రీములో 48 శాతానికి తగ్గకూడదు. మన బజారులో దొరికే కొన్ని పెట్టె క్రీములలో వెన్న 25 శాతమే ఉంటుంది. అవి కూరలకు, పండ్ల ముక్కలలోకి బాగుంటాయి కాని ఎంత గిలకొట్టినా నిలబడవు.

రెండవది చల్లదనం. వెన్న కణం గట్టిగా ఉంటేనే గోడ నిలుస్తుంది. మీగడ, గిన్నె, గిలకొట్టే తీగ కూడా మంచుపెట్టెలో ఉంచినవై ఉండాలి. మన వేసవిలో గిన్నెను ఐసు ముక్కలు, గుప్పెడు ఉప్పు వేసిన పెద్ద పళ్ళెంలో ఉంచి గిలకొట్టడం ఉత్తమం.

మూడవది మీగడ రకం. కాచిన పాల మీద కట్టే మీగడ తెట్టులో గట్టిపడిన పాల పదార్థం కూడా ఉంటుంది. దానిని గిలకొడితే పలుకులై త్వరగా వెన్నవుతుంది. నేతికి అది శ్రేష్ఠం కాని ఈ పనికి రాదు. యంత్రంతో వేరుచేసి, పాశ్చరైజు చేసిన మీగడ కావాలి. గేదె పాలలోని వెన్న కణాలు ఆవు పాలలోని వాటికన్నా పెద్దవి. కనుక గేదె క్రీము గిలకొట్టేటప్పుడు చూపు పక్కకు తిప్పరాదు.

ఒక చిన్న లెక్క చూడండి. 35 శాతం వెన్న గల 300 గ్రాముల మీగడకు 105 గ్రాముల వెన్న కావాలి. 7 శాతం వెన్న గల గేదె పాలైతే సుమారు లీటరున్నర, 3.5 శాతం గల ఆవు పాలైతే సుమారు 3 లీటర్లు వేరుచేస్తే అంత మీగడ వస్తుంది. పాల చీటీ మీద వెన్న శాతానికి ఎందుకంత విలువ ఇస్తారో దీనిని బట్టి కూడా తెలుస్తుంది.

కావలసిన వస్తువులు (10 నుండి 12 మందికి)

స్పాంజి కేకు 250 గ్రాములు. ఒక రోజు నిలవున్నదైతే మరీ మంచిది.
పండ్ల ముక్కలు 400 గ్రాములు. మామిడి, ద్రాక్ష, కమలా తొనలు, దానిమ్మ గింజలు ఏవైనా.
కేకు తడపడానికి పండ్ల రసం 150 మిల్లీలీటర్లు.
జెల్లీకి చైనా గ్రాసు 5 గ్రాములు, నీళ్ళు 200 మిల్లీలీటర్లు, పండ్ల రసం 300 మిల్లీలీటర్లు, తగినంత పంచదార.
కస్టర్డుకు పాలు ముప్పావు లీటరు, కస్టర్డు పొడి 45 గ్రాములు, పంచదార 80 గ్రాములు.
35 శాతం వెన్న గల క్రీము 300 గ్రాములు, పంచదార పొడి 2 పెద్ద చెంచాలు.
పైన చల్లడానికి వేయించిన బాదం లేక జీడిపప్పు పలుకులు.

ఇంగ్లీషువారు కేకును షెర్రీ అనే ద్రాక్షసారాతో తడుపుతారు. పిల్లలు, పెద్దలు కలిసి తినే విందులో కమలా రసమో, మామిడి రసమో సరిపోతుంది. అలాగే జెల్లీకి వాడే జెలటిన్ జంతువుల చర్మం, ఎముకల నుండి తీసినది. శాకాహారులు చైనా గ్రాసు వాడుకోవాలి. ఇది సముద్రపు నాచు నుండి తీసినది. జెలటిన్ మన ఎండలకు కరిగిపోతుంది, చైనా గ్రాసు జెల్లీ మాత్రం గది వేడిలో కూడా గట్టిగా నిలుస్తుంది. ఈ విధంగా కూడా అది మనకు అనుకూలం.

చేసే విధానం

1. కేకును వేలెడు మందం ముక్కలుగా కోసి గాజు గిన్నె అడుగున సందు లేకుండా పేర్చాలి. పండ్ల రసాన్ని చెంచాతో అంతటా పోయాలి. కేకు తడవాలే గాని రసంలో తేలరాదు.

2. పండ్ల ముక్కలను నీరు వార్చి కేకు మీద పరచాలి. కొన్నిటిని గిన్నె అంచుకు ఆనించి పెడితే బయటికి అందంగా కనబడతాయి.

3. చైనా గ్రాసును చిన్న ముక్కలుగా తుంచి నీళ్ళలో పావుగంట నానబెట్టి, అదే నీటిలో పూర్తిగా కరిగేదాకా మరిగించాలి. పంచదార వేసి దించి, వడగట్టి, అప్పుడు పండ్ల రసం కలపాలి. పుల్లని రసంతో కలిపి మరిగిస్తే చైనా గ్రాసుకు బిగువు తగ్గుతుంది. రసం మరీ చల్లగా ఉంటే కలిపిన చోటే గడ్డకడుతుంది. గోరువెచ్చగా ఉండగానే పండ్ల మీద మెల్లగా పోసి కదపకుండా ఉంచాలి.

4. ముప్పావు లీటరు పాలలో ఒక కప్పు చల్లని పాలు పక్కకు తీసి కస్టర్డు పొడిని ఉండలు లేకుండా కలపాలి. మిగిలిన పాలు పంచదారతో మరిగించి, సెగ తగ్గించి, కలిపిన పొడిని ధారగా పోస్తూ అడుగంటకుండా తిప్పాలి. పొడిని నేరుగా వేడి పాలలో వేస్తే పైపిండి ఉడికి లోపలిది పచ్చిగా ఉండి ఉండలు కడుతుంది. చిక్కబడిన తరువాత కూడా 2 నిమిషాలు ఉడకనివ్వాలి. లేకపోతే పిండి వాసన పోదు.

5. కస్టర్డు గిన్నెను చల్లని నీటి పళ్ళెంలో పెట్టి తిప్పుతూ చల్లార్చాలి. అప్పుడు తెట్టు కట్టదు. పూర్తిగా చల్లారిన తరువాతనే జెల్లీ మీద పోయాలి. వేడిది పోస్తే పొరలు కలిసిపోతాయి. గిన్నెకు మూత పెట్టి కనీసం 3 గంటలు మంచుపెట్టెలో ఉంచాలి.

6. వడ్డించే ముందు మాత్రమే మీగడ గిలకొట్టాలి. మొదట నెమ్మదిగా, తరువాత కొంచెం వేగంగా గిలకొట్టి, గీతలు నిలిచే దశలో పంచదార పొడి వేసి, కుప్ప నిలబడగానే ఆపాలి. కస్టర్డు మీద పరచి పప్పు పలుకులు చల్లాలి.

ఎక్కడ చెడుతుంది, ఎందుకు

పచ్చి అనాస, పచ్చి బొప్పాయి పండ్లలో మాంసకృత్తులను కరిగించే గుణం ఉంది. జెలటిన్ కూడా మాంసకృత్తే గనుక అది గడ్డకట్టదు. పాల పొరలకు తగిలితే అవి చేదెక్కుతాయి. ఈ పండ్లను ఉడికించి వాడితే ఆ గుణం పోతుంది. అరటిపండు నల్లబడకుండా నిమ్మరసం రాయాలి. పుచ్చకాయ వంటి నీటి పండ్లు వేస్తే అడుగు కేకు జావ అవుతుంది.

కస్టర్డు కాస్తుండగా పాలు విరిగాయంటే తప్పు వంటమనిషిది కాదు. పాలు అంతకు ముందే పులియ మొదలుపెట్టాయన్న మాట. ఉదయం పితికిన పాలను ఎండలో ఆలస్యంగా తెచ్చినా, కడగని క్యానులో పోసినా ఇలా జరుగుతుంది. ఎక్కడో పట్నంలో ఒక ఇంటి పొయ్యి మీద విరిగే పాలకు కారణం చాలాసార్లు పశువుల కొట్టంలోనే ఉంటుంది.

ముఖ్య హెచ్చరిక

పాలు, పంచదార, తేమ కలిసిన ఈ వంటకం మనకెంత రుచో సూక్ష్మజీవులకు కూడా అంతే. ముఖ్యంగా చేతి పుండ్ల నుండి, పొదుగు వాపు గల పశువు పాల నుండి వచ్చే ఒక రకం క్రిమి పాల పదార్థాలలో పెరిగి విషాన్ని విడుస్తుంది. ఆ విషం మళ్ళీ మరిగించినా పోదు. రంగు, వాసన మారకుండానే తిన్న కొన్ని గంటలలో వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. విందులలో పిల్లలు, ముసలివారు మొదట బాధపడతారు. కనుక ఈ క్రింది విషయాలు తప్పక పాటించాలి.

పచ్చి పాలు, కాచని మీగడ వాడరాదు. చేతికి పుండు ఉన్నవారు వంటకు దూరంగా ఉండాలి. పొదుగు వాపు ఉన్న పశువు పాలను ఇంటికి గాని సంఘానికి గాని పోయరాదు. చేసిన ట్రైఫిల్‌ను 5 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. బయట పెట్టిన తరువాత 2 గంటలలో, వేసవిలో 32 డిగ్రీలు దాటినప్పుడు గంటలో తినివేయాలి. మిగిలినదానిని మరునాటికని దాచి పంచరాదు. కరెంటు నమ్మకం లేని చోట పెద్ద గిన్నెకు బదులు చిన్న గిన్నెలలో చేసి, ఐసు పెట్టెలో ఉంచి, విడతలుగా బయటికి తీయడం మేలు.

సభ్యులకు మనవి

ఇంగ్లీషువారి కాలంలో క్లబ్బులలో చేసిన ఈ వంటకం మనకు పూర్తిగా పరాయిది కాదు. హైదరాబాదు డబల్ కా మీఠా తిన్నవారికి రొట్టె, పాలు, పంచదార కలిస్తే వచ్చే రుచి ఎరుకే. అది నేతిలో వేగుతుంది, ఇది చల్లగా కుదురుకుంటుంది, అంతే తేడా.

ఒక్క విషయం మాత్రం మరువవద్దు. నేడు బజారులో కేకుల మీద, తీపి గిన్నెల మీద తెల్లగా నిలిచే నురుగులో చాలా భాగం పాల మీగడ కాదు, వనస్పతి నూనెలతో చేసినది. చౌక, ఎండకు తొందరగా కరగదు, కనుక వాడుతున్నారు. కరువు కాలంలో బ్రిటను గృహిణులు గత్యంతరం లేక దొంగ మీగడ చేసుకున్నారు. పాలు పుష్కలంగా ఉన్న మన ఇళ్ళలో ఆ అవసరం లేదు. డబ్బా మీది చీటీ చదవండి. పాల కొవ్వు అని ఉంటేనే కొనండి. సంఘం వార్షిక సమావేశానికో, ఇంట్లో పెళ్ళికో ఒకసారి ఈ వంటకం చేసి చూడండి. మనం పోసిన పాల వెన్న మన బంధువుల పళ్ళెంలోకే తిరిగి వస్తే అంతకన్నా తృప్తి ఏముంటుంది?